పేరు లేని పిడికిలి

ఆ ఆదివారం పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు నా చేతిలో ఏమేమున్నాయో ముందు చెప్పేస్తాను. సాలూరు మందిరం సభ్యుల పుస్తకం ఒకటి, అందులో నూట పన్నెండు పేర్లు. పిడికిలి బియ్యం పెట్టె తాళంచెవి ఒకటి. జేబులో మడిచి పెట్టుకున్న అర్జీ ఒకటి, దాని కింద పదకొండు మంది సంఘ పెద్దల్లో ఎనిమిది మంది సంతకాలు. అప్పలసూరి పాస్టరు గారిని మా ఊరి నుంచి మార్చమని మా సంఘాల మహాసభకి రాసిన అర్జీ అది. మధ్యాహ్నం మూడు గంటలకి కూటం. పోయిన వారం మీరు నన్ను వదిలిపెట్టింది అక్కడే.

ఇవాళే చదవడం మొదలుపెట్టిన వాళ్ళకి నాలుగు ముక్కలు. నా పేరు జగన్నాధం. మా నాన్న క్రైస్తవంలోకి వచ్చాడు గానీ పిల్లలకి ఇంటి ఆనవాయితీ పేర్లే పెట్టుకున్నాడు. నాది చింతపండు, అడ్డాకుల వ్యాపారం. కొండ మీద సరుకు దింపించి లారీలకెత్తిస్తాను. మిషను దొరగారూ దొరసానిగారూ బంగళా తాళాలు మాకిచ్చేసి ఓడెక్కి ఏడాదిన్నర అయింది. పుస్తకం, పెట్టె లెక్కలూ చూసేది నేనే కాబట్టి, అప్పటినుంచి మందిరం నా భుజం మీద ఉందని నేననుకునేవాణ్ణి. ఆరాధనకి వచ్చేవాళ్ళు నూట పన్నెండులో యాభై, యాభైలో నలభై మూడు, అలా దిగుతూ వచ్చారు. పిడికిలి బియ్యం అంతకన్నా వేగంగా దిగింది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు అన్నం వండినప్పుడల్లా ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు బియ్యం దేవుడి పేర పక్కకి తీస్తారు. ఆదివారం తెచ్చి మందిరం పెట్టెలో పోస్తారు. దొరల కాలంలో వారానికి ఏడు కుంచాలు పడేవి. ఇప్పుడు రెండు దాటడం లేదు.

నేనేమీ చేతులు ముడుచుకు కూర్చోలేదు. కొత్తవాళ్ళని రప్పించడానికి సభలు పెట్టించాను. విజయనగరం నుంచి ప్రసంగీకుణ్ణి పిలిపించాను. డేరా, హార్మోనియం, గోడమీద బొమ్మలు చూపించే దీపప్పెట్టె, అన్నీ తెప్పించాను. మూడు రోజులు నాలుగు వందల మంది వచ్చారు. బొమ్మలు చూశారు, దీపం ఆర్పగానే లేచి పోయారు. నాలుగో రోజు ఆదివారం. ఒక్కడంటే ఒక్కడు మందిరం గుమ్మం తొక్కలేదు.

అలాంటిది, లారీ షెడ్డు దగ్గర ప్రతి ఆదివారం నలభై మందికి పైగా పోగవుతున్నారని విన్నాను. పోగుచేస్తున్నది దానమ్మట. ఆ మాట విన్న రోజునుంచి నాకు అన్నం సహించలేదు. నిజం చెప్పాలంటే, నా కొట్టు ఎదురుగా ఇంకొకడు కొట్టు తెరిచి, బోర్డైనా పెట్టకుండా, నా గిరాకీ అంతా లాక్కుపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. ఇంకా ఘోరం ఏమిటంటే, వాళ్ళు నా గిరాకీ కూడా కాదు. గుడికీ పోరు, మందిరానికీ రారు. నేను నాలుగు వందల మందికి బొమ్మలు చూపించి సంపాదించలేని మనుషులు.

దానమ్మ పేరు తొమ్మిదేళ్ళ కిందట సభ్యుల పుస్తకంలోంచి కొట్టేశాం. అసిరయ్య అనే లారీ డ్రైవరుని చేసుకుంది. అతను ఏ దేవుడికీ దండం పెట్టని మనిషి. కొట్టివేత రాసింది నేనే. మూడేళ్ళకి ఆ అసిరయ్య ఘాట్ రోడ్డులో బండితో సహా పోయాడు. ఆమె షెడ్డు పక్కన పాక వేసుకుని టీ, ఇడ్లీ అమ్ముకుంటోంది. నా భార్య నారాయణమ్మా ఆమే బొబ్బిలి బోర్డింగు బడిలో ఒక చాప మీద పడుకుని చదువుకున్నవాళ్ళు. ఆ వరసన నన్ను బావా అంటుంది.

ఆ పొద్దున్న పాస్టరు గారి ప్రసంగం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. పాత పాస్టరు గారు గంటంపావుకి తక్కువ ఎప్పుడూ చెప్పలేదు. ఆశీర్వాదం ఇలా పలికారో లేదో సైకిలెక్కి షెడ్డు దారి పట్టారు. నేను పెట్టె తాళం వేసి, గొడుగు తీసుకుని వెనకాలే నడిచాను. మూడు గంటల కూటానికి కళ్ళారా చూసిన సాక్ష్యం ఒకటి ఉంటే బాగుంటుందనుకున్నాను.

షెడ్డు రేకుల కింద మూడు లారీలు నిలబెట్టి, మధ్య ఖాళీలో గోనెలు పరిచారు. అలవాటు కొద్దీ తలలు లెక్కపెట్టాను. నలభై ఆరు. డ్రైవర్లు, క్లీనర్లు, టైర్లు పంచరు వేసేవాళ్ళు, బస్తాలెత్తేవాళ్ళు. అందరి ముందూ అడ్డాకు విస్తళ్ళు, వాటిలో పొగలు కక్కే పులగం. దానమ్మ దాక దగ్గర గరిటె పట్టుకుని నిలబడింది. మా పాస్టరు గారు చొక్కా చేతులు మడిచి మంచినీళ్ళు పోస్తున్నారు. జేబు మీద నల్లటి గ్రీజు మరక.

"రా బావా," అంది దానమ్మ. "ఏటలా నిలబడిపోనావు, తూకానికొచ్చినోడిలాగ? కూకో. ఇస్తరెయ్యమంతావా?"

"నేను తినడానికి రాలేదు."

"సావుకారు తినరే!" అన్నాడు గంగులు. రాయపూర్ లైను డ్రైవరు, నా సరుకు పదేళ్ళుగా తోలుతున్నాడు. "ఎంతమంది తింతన్నారో లెక్కెట్టుకోడానికొచ్చినారు. ఏటి సావుకారూ, నన్ను లెక్కలో ఏసినారా? రెండుపాలి ఒడ్డించుకున్నాను, ఇద్దరికింద రాసీగలరు."

గోనెల మీద నవ్వులు. పాస్టరు గారు కూడా నవ్వారు. నా సభల్లో ఎవరూ నవ్వేవారు కాదు. అది కూడా నాకు గుచ్చుకుంది.

ఏదో ఒక లొసుగు దొరకాలని చుట్టూ చూశాను. రెండో వాయకి కాబోలు, దాక పక్కన చాటలో బియ్యం పోసి ఉన్నాయి. వంగి చూశాను. అక్కడే దొరికింది. ఆ బియ్యంలో తెల్లవి ఉన్నాయి, ఎర్రవి ఉన్నాయి. పచ్చి బియ్యం ఉన్నాయి, ఉప్పుడు బియ్యం ఉన్నాయి. లావు, సన్నం, నూక, అన్నీ కలిసి ఉన్నాయి. ఏ వర్తకుడూ అలాంటి బియ్యం అమ్మడు, ఏ ఇల్లాలూ కొనదు. అలాంటి బియ్యం ఈ ఊళ్ళో నేనొక్కచోటే చూశాను. ప్రతి ఆదివారం తాళం తీసి కుంచంతో కొలిచే పెట్టెలో.

"ఈ బియ్యం ఎక్కడివే దానమ్మా?"

"ఏం? పురుగున్నాదేటి?"

"ఇవి పిడికిలి బియ్యం. ఇంటికొక పిడికిలి చొప్పున మందిరం పెట్టెలో పడే బియ్యం. నీ ఒక్క పాకలో తొమ్మిది రకాల బియ్యం ఎలాగొచ్చినాయో సెప్పు."

తింటున్న చేతులు ఆగిపోయాయి. గంగులు విస్తరి పక్కకి జరిపి లేవబోయాడు. "దొంగంతన్నావేటి సావుకారూ మా దానమ్మప్పని?"

"నువ్వు కూకోరా, పులగం సల్లారిపోద్ది," అని అతన్ని ఒక్క కసురు కసిరి, దానమ్మ నావైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "పెట్టికి తాళం ఎవరికాడుంతాది బావా?"

"నా దగ్గరే."

"ఇంకెవరికాడైనా?"

"లేదు."

"మరైతే దొంగెవురు?"

ఈసారి నవ్వు రేకులకి తగిలి తిరిగి వచ్చింది.

ఆమె మాత్రం నవ్వలేదు. గరిటె దాక మీద అడ్డంగా పెట్టింది. "ఆరేళ్ళ కిందట మా ఆయన పోయిన నెలకి గుడ్డ సంచి పట్టుకుని మందిరం గుమ్మంలో నిలబడినాను, గురుతున్నాదా? నా పేరు మీరు కొట్టీసినా నా సెయ్యి ఊరుకోలేదు బావా. ఎసట్లో పోసే ముందర పిడికెడు తీసీడం మాయమ్మ నేర్పినాది. ఆ మూడేళ్ళూ తీస్తూనే ఉన్నాను. ఆ రోజు తెచ్చి నీకిస్తే నువ్వేటన్నావు?"

నాకు గుర్తుంది. ఎవరి పిడికిలి వచ్చిందో, ఎవరిది రాలేదో పేరు పేరునా గీతలు పెట్టుకునేవాణ్ణి. పుస్తకంలో లేని మనిషి బియ్యం పోస్తే గీత ఎక్కడ పెట్టాలి? అందుకని, పేరు లేని పిడికిలి పెట్టెలో పడకూడదన్నాను. దొరగారు పెట్టిన నియమం కాదది. బైబిల్లో ఉన్నదీ కాదు. నా గీతలు తప్పకుండా ఉండడానికి నేను పెట్టుకున్నది.

"తిప్పి పంపీసినావు," అంది దానమ్మ. "అప్పుడు నేనేటి సెయ్యాల? దేవుడికని తీసిన బియ్యం నేను తింటే నోట్లోకెల్తాదా? పారబొయ్యలేను గదా. ఎవురికైనా పెట్టాల. ఎవురికి పెట్టాల? గుడికెల్లినోల్లకి ఆళ్ళ పెసాదం ఆళ్ళకుంతాది, నా దేవుడి బియ్యమంటే ముట్టుకోరు. మందిరం వోల్లకి నేనే పనికిరాను. అందుకని ఏ దేవుడి కాడికీ ఎల్లనోల్లెవరా అని సూసినాను. ఈల్లు కనిపించినారు. మొదటి ఆదివారం ముగ్గురు కిలీనర్లు. ఇయ్యాల నువ్వే లెక్కెట్టినావు."

నలభై ఆరు మంది. నేను వెనక్కి పంపిన ఒక సంచి బియ్యంలోంచి పుట్టారు.

అయినా వ్యాపారి మనసు ఓటమి ఒప్పుకోదు. పాస్టరు గారి వైపు తిరిగాను. "ఈల్లలో బాప్తిస్మం తీసుకున్నోల్లెంతమందండీ?"

"ఒక్కరూ లేరండి."

"ఆరేళ్ళుగానా? మరేం జరిగినట్టు ఇక్కడ?"

"నేను వచ్చి ఎనిమిది నెలలే అయిందండి," అన్నారాయన నీళ్ళ చెంబు కింద పెడుతూ. "ఇక్కడ నేనేమీ మొదలుపెట్టలేదు. మొదలైన దాని దగ్గరికి వచ్చాను. ఏం జరుగుతుందో కాస్సేపు ఉండి చూడండి."

ఉన్నాను. తిన్నవాళ్ళు లేచి వెళ్ళిపోతారనుకున్నాను. ఎవరూ వెళ్ళలేదు. విస్తళ్ళు పారేసి, చేతులు కడుక్కుని, వచ్చి మళ్ళీ గోనెల మీద కూర్చున్నారు. దానమ్మ ఒక్కొక్కరినీ అడిగింది. "ఈవారం ఏ దారి?" ఒకడు జయపూర్ అన్నాడు. ఒకడు రాయగడ. గంగులు రాయపూర్. ఆమె కళ్ళు మూసుకుని, పాట లేదు, ప్రసంగం లేదు, పక్కింటావిడతో చెబుతున్నట్టు చెప్పింది. "తండ్రీ, గంగులు రాయపూర్ దారిలో ఉంతాడు. బ్రేకులు మంచియి కావు, సావుకారు బరువెక్కువెట్టినాడు. సూసుకో." అలా నలభై ఆరు పేర్లూ చెప్పింది. ఒక్క పేరు కోసం కూడా ఆగి తడుముకోలేదు.

"నీకు నమ్మకమేనేటి గంగులూ?" అన్నాను ఎగతాళిగా.

"దేవుడున్నాడో లేడో నాకు తెల్దు సావుకారూ. ఉన్నాడని సెప్తే అబద్ధమాడినోన్నవుతాను. ఘాటీ ఎక్కేటప్పుడు నా పేరు ఒకలు పలుకుతారు. అది ఉన్నాది. దానికోసరం ఆదివారం ఈ ఊళ్ళో ఉండీలాగ ట్రిప్పులు ఏసుకుంతన్నాను."

నలభై మూడు మంది మందిరంలో నా పక్కన కూర్చుంటారు. నేను జ్వరంతో నెల్లాళ్ళు మంచం పట్టినప్పుడు నా గీత ఖాళీగా ఉందని గుర్తుచేసిన వాళ్ళున్నారు. నా పేరు ఎవరైనా ఇలా పలికారా అని వెతుక్కున్నాను. దొరకలేదు. ఆ గ్రీజు చేతుల లారీ డ్రైవరు మీద నాకు పుట్టిన కుళ్ళు అంతకు ముందు ఏ పోటీ వర్తకుడి మీదా పుట్టలేదు.

ఉక్రోషంతో చాటలో చెయ్యి పెట్టి బియ్యం ఎత్తాను. "నీ ఒక్కదాని పిడికిలి నలభై ఆరుమందికి రాదు. ఇవి మందిరం ఇళ్ళ బియ్యమే. ఎవరెవరు తెచ్చి పోస్తన్నారు?"

"నేను పేర్లు సెప్పను బావా. నువ్వు రాసుకుంతావు."

చెప్పక్కర్లేకపోయింది. నా అరచేతిలో సన్నటి గింజలు, ఒక్కొక్క గింజకీ వెంట్రుకంత ఎర్రజీర. నా కడుపునొప్పికి పడతాయని కొండ మీద ఒక రైతు చేత ప్రత్యేకం పండించుకుంటాను. ఏడాదికి ఆరు బస్తాలు. సాలూరులో ఆ బియ్యం ఉడికే ఇల్లు ఒక్కటే.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

దానమ్మ గింజలు నా చేతిలోంచి జాగ్రత్తగా తీసుకుని మళ్ళీ చాటలో పోసింది.

ఇంటికి వెళ్ళలేదు. కొట్లో కూర్చుని అర్జీ విప్పి మళ్ళీ చదువుకున్నాను. మూడు ఆరోపణలు. ఒకటి, ప్రసంగం కుదించారు. రెండు, సంఘం వెలి వేసిన మనిషితో పొత్తు. మూడు, పాస్టరు గారి అశ్రద్ధ వల్ల పిడికిలి బియ్యం ఏడు కుంచాల నుంచి రెండుకి పడిపోయాయి. మూడోది అబద్ధమని ఇప్పుడు నాకు తెలుసు. కొట్టేయడానికి కలం తీశాను కూడా. మూడోది తీసేస్తే మొదటి రెండింటికీ బలం ఉండదు. ఎనిమిది సంతకాల్లో అయిదు ఆ మూడోదాన్ని చూసి పెట్టినవే. కలం మూసి జేబులో పెట్టుకున్నాను.

మూడు గంటలకి మందిరంలో పెద్దలు పదకొండు మందీ బెంచీల మీద. ఆడవాళ్ళు ఎప్పట్లాగే ఎడమ పక్క చాపల మీద. కూటంలో వాళ్ళు వినవచ్చు, చెయ్యెత్తే ఆనవాయితీ లేదు. పాస్టరు గారు ఆఖరి బెంచీలో కూర్చున్నారు. నేను లేచి అర్జీ చదివాను. మూడోది చదివేటప్పుడు చాపల వైపు చూడలేదు.

"మీరేమైనా చెప్పుకుంటారా?" అని అడిగారు మా పెద్దల్లో పెద్దాయన నరసింగరావు గారు.

"వెళ్ళమంటే వెళ్తానండి," అన్నారు పాస్టరు గారు. "నాకు ఒక్కటే మనవి. మందిరం తలుపు తెరిచి పెట్టి, రారేమా అని ఎదురు చూస్తున్నాం. రానివాళ్ళు ఎక్కడున్నారో దానమ్మకి తెలుసు. ఆమె పేరు మళ్ళీ రాయండి. ఆ తరవాత నేనుండకపోయినా ఫరవాలేదు."

"ముందు అర్జీ సంగతి తేల్చండి," అన్నాను.

చేతులెత్తారు. ఎనిమిది. నేను గెలిచాను. తీర్మానం రాయడానికి సభ్యుల పుస్తకం వెనక పేజీ తెరిచాను.

అప్పుడు చాపల మీంచి ఎవరో లేచిన చప్పుడైంది. తలెత్తితే నారాయణమ్మ. ముప్పై ఏళ్ళలో ఆమె మందిరంలో పాటకి తప్ప నోరు విప్పి ఎరగదు.

"మూడో మాట అబద్ధం," అంది. "బియ్యం తగ్గింది అయ్యగారి వల్ల కాదు. నా వల్ల. పెట్టిలో మీ గీత కోసరం నాలుగు గింజలే పోసి, అయ్యగారు ఈ ఊరు రాకముందు నుంచీ నా పిడికిలి దానమ్మ కాడికే పంపతన్నాను. ముందు నేనొక్కదాన్నే. తరవాత అడిగినోల్లకి దారి సూపించినాను."

"కూకో నారాయణమ్మా," అన్నాను పళ్ళ బిగువున. "ఇంటికెళ్ళి మాటాడుకుందాం."

"ఇంటి మాట కాదండీ ఇది. దానమ్మ కబురెట్టినాది. ఈ పొద్దున్న మీరు షెడ్డులో సాటలో సెయ్యెట్టి బియ్యం సూసినారా, లేదా?"

నరసింగరావు గారు నావైపు తిరిగారు. "చూశావా జగన్నాధం?"

పదకొండు మంది మొహాలు. వాళ్ళలో నా సంతకాలు ఎనిమిది. నేను తల దించి పుస్తకం వైపు చూశాను, అదే జవాబైంది. సంతకం పెట్టిన వాళ్ళలో ఒకాయన గొంతు సవరించుకుని కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు.

"సూసి కూడా సదివినారు," అంది నారాయణమ్మ. అందులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. "దానమ్మ పేరు లేని పుస్తకంలో నా పేరుండక్కర్లేదు. నాది కొట్టీయండి."

"నాదీను," అంది కూర్మమ్మ లేస్తూ. ఆమె వెనక గున్నమ్మ లేచింది. కోడలి భుజం పట్టుకుని ముసలి జగ్గమ్మ లేచింది. ఒకరి తరవాత ఒకరు, చీర కుచ్చెళ్ళు దులుపుకుంటూ, తొందర లేకుండా. లెక్కపెట్టాను. పంతొమ్మిది. వీళ్ళు లేస్తే ఆదివారాల్లో మిగిలేది ఇరవై నాలుగు మంది, వండబోయే బియ్యంలోంచి పిడికెడు తీసే చెయ్యి ఒక్కటీ లేకుండా.

ఆ రోజు నాకు వచ్చింది ఇదీ. చెయ్యెత్తిన వాళ్ళు ఎనిమిది మంది, వాళ్ళలో ఒకడు అప్పటికే కిటికీ వైపు. నాకు ఇష్టం లేని పాస్టరు గారిని పంపించే తీర్మానం, ఇంకా సంతకం కానిది. నా భార్య ఏం ఆలోచిస్తుందో తెలుసుకోవడం, అది పెళ్ళైన ముప్పై ఏళ్ళకి. ఈ మూడోది మాత్రమే అసలైన లాభమని ఆ క్షణాన నాకు తట్టలేదు. నా కళ్ళకి కనిపించిందల్లా ఆమె నిలబడిన తీరు. దానమ్మ కోసం అలా నిలబడింది. నా కోసం ఏనాడైనా నిలబడేదా?

నారాయణమ్మ చాపలు దాటి బల్ల దగ్గరికి వచ్చింది. నా చేతి కింద ఉన్న పుస్తకాన్ని తనే తిప్పి, తన పేరున్న పేజీ తీసి, వేలు పెట్టింది.

"కొడతారా," అంది నెమ్మదిగా, "దానమ్మది రాస్తారా?"

కలం నా చేతిలోనే ఉంది.